సొంతిల్లా, వసతి గృహమా?

2009లో కెనడాలోని ఎటోబికోలో ఇల్లు కొనుక్కుని గృహప్రవేశానికి సత్యనారాయణ వ్రతం చేసుకున్నాం. సంకల్పం చెప్పిస్తున్న పంతులుగారు మధ్యలో ఆగి, "సొంతిల్లేనా?" అని అడిగారు. అద్దె ఇల్లయితే వసతి గృహే అనాలి, సొంతమైతే స్వగృహే. "సొంతమేనండీ" అన్నాను, నలుగురికీ వినపడేలా. ఏ ఖండంలో, ఏ దిక్కున కూర్చున్నామో చెప్పుకునేదే సంకల్పం. అంతా చెప్పుకుని, ఆ నేల ఎవరిదో మాత్రం నేను అడగలేదు. ఆ గదిలో ఉన్న తెలుగువాళ్లెవరమూ అడగలేదు.

ఆ నేల మిస్సిసాగా జాతివాళ్లది. పక్క ఊరి పేరుగా రోజూ పలికే మాట ఒక జాతి పేరని నాకు చాలా ఏళ్లు తెలియదు. 1787లో బ్రిటిష్ వాళ్లు రాయించుకున్న దస్తావేజులో భూమి వివరాలే లేవు. పెద్దల వంశచిహ్నాలు వేరే కాగితాల మీద ఉంటే తెచ్చి దానికి అంటించారు. ఖాళీ కాగితం మీద వేలిముద్ర వేయించుకునే షావుకారు కథలు వింటూ పెరిగినవాళ్లం, ఇది మోసమని మనకు ఒకరు చెప్పాలా? 1805లో 10 షిల్లింగులిచ్చి దాదాపు రెండున్నర లక్షల ఎకరాలు ఖాయం చేసుకున్నారు. 1847లో ఆ జాతి క్రెడిట్ నది ఒడ్డు వదిలి హేగర్స్‌విల్ దగ్గరికి తరలిపోయింది. 2010లో కెనడా ప్రభుత్వం 14.5 కోట్ల డాలర్ల పరిహారానికి ఒప్పుకుంది. ఆ ఏడాది మన విందుల్లో ఇళ్ల ధరలు మాట్లాడుకున్నాం, ఈ మాట ఎత్తలేదు.

తెలియక అడగలేదంటే అది సగం నిజమే. ఆదివాసుల గురించి "వాళ్లకి గవర్నమెంటు ఊరికే డబ్బులిస్తుందట" అన్న మాట మనలో ఎన్నిసార్లు విన్నానో! ఒక్కసారీ కాదనలేదు, తలూపాను. ఇదే ఒంటారియో రాష్ట్రంలో నెస్కాంటగా అనే ఆదివాసీ ఊరి జనం 1995 నుంచి దశాబ్దాల పాటు నీళ్లు కాచుకునే తాగాల్సి వచ్చింది. మా వ్రతం కలశంలో నేను పోసింది కుళాయి నీళ్లు.

పిల్లలకు తెలుగు పోతోందని బెంగపడి ఆదివారం తరగతులు పెట్టుకున్నాం. కనీసం లక్షన్నర మంది ఆదివాసీ పిల్లల్ని ఇళ్లకు దూరం చేసి, సొంత భాష మాట్లాడితే కొట్టిన రెసిడెన్షియల్ బడుల గురించి ఆ తరగతుల్లో ఒక్క ముక్క చెప్పలేదు. మన్యం కోసం ప్రాణమిచ్చిన అల్లూరి పటానికి దండ వేశాం. ఆయన ఎదిరించిన రాజ్యమే ఇక్కడ లాక్కున్న నేల మీద నిలబడి వేశాం.

ఆ బడుల మీద విచారణ జరిపిన ట్రూత్ అండ్ రికన్సిలియేషన్ కమిషన్ 2015లో 94 సిఫార్సులు చేసింది. చివరి రెండూ మనలా వలస వచ్చినవాళ్ల గురించే. కొత్తవాళ్లకు ఈ చరిత్ర నేర్పమంది, పౌరసత్వ ప్రమాణంలో ఆదివాసులతో చేసుకున్న ఒప్పందాల మాట చేర్చమంది. 2021లో ప్రమాణం మారింది. మనవాళ్లు ప్రమాణం చేస్తున్నారు, ఫొటోలు దిగుతున్నారు. ఒప్పందం చదివినవారు మనలో ఎందరు?

ఈ భూమిని లాక్కున్నది మనం కాదు. లాక్కున్న భూమిని కొనుక్కుని, ఎవరిదని అడగకపోవడం మన తప్పే. ఈసారి మీ ఇంట సంకల్పంలో స్వగృహే అనే ముందు, ఆ నేల ఏ ఒప్పందం కిందిదో తెలుసుకోండి. పక్కన కూర్చున్న పిల్లలకు ఆ జాతి పేరు చెప్పండి. మా పిల్లలకు నేను చెప్పేసరికి పద్నాలుగేళ్లు గడిచిపోయాయి.