రక్తపు లెక్కను మరణశాసనం చేయకండి

ముదిరిన ప్రొస్టేట్ క్యాన్సర్‌తో ఉన్న మన పెద్దల గురించి ఒక మాట తేలిగ్గా అనేస్తున్నారు: "రక్తంలో ఇన్‌ఫ్లమేషన్ ఎక్కువగా ఉందట. ఇక ఖర్చు పెట్టినా దండగే." ఆసుపత్రి వరండాలో పుట్టిన ఈ మాట ఇంటికి చేరుతుంది, ఇంటి నుంచి సంఘానికి పాకుతుంది. చివరికి ప్రార్థనలో కూడా "ప్రభువా, బాధ లేకుండా తీసుకుపో" అనే దాకా పోతుంది. ఆ మనిషి మాత్రం ఇంకా లేచి కూర్చుని గంజి తాగుతూనే ఉంటాడు. ఈ మాట వైద్యశాస్త్రం ప్రకారం తప్పు. న్యాయం ప్రకారం ఇంకా పెద్ద తప్పు.

మొదట శాస్త్రం చెప్పేది సరిగ్గా విందాం. క్యాన్సర్ ముదిరినప్పుడు ఒంట్లో ఒక తాపం రాజుకుంటుంది. దాన్నే ఇన్‌ఫ్లమేషన్ అంటారు. దాని జాడ రక్తంలో కనిపిస్తుంది. తెల్ల కణాల్లో న్యూట్రోఫిల్స్ పెరుగుతాయి, లింఫోసైట్లు తగ్గుతాయి. కాలేయం సీఆర్‌పీ అనే ప్రొటీన్‌ను ఎక్కువగా, అల్బుమిన్‌ను తక్కువగా తయారుచేస్తుంది. న్యూట్రోఫిల్స్‌ను లింఫోసైట్లతో భాగిస్తే వచ్చే అంకెను ఎన్‌ఎల్‌ఆర్ అంటారు. మామూలు సీబీసీ రిపోర్టులో న్యూట్రోఫిల్స్ 72 శాతం, లింఫోసైట్లు 18 శాతం ఉంటే ఎన్‌ఎల్‌ఆర్ 4 అన్నమాట. హార్మోన్ చికిత్సకు లొంగని దశలో ఈ అంకె ఎక్కువగా ఉన్నవారు సగటున తక్కువ కాలం బతికారని చాలా అధ్యయనాలు చూపించాయి. దీన్ని ఎవరూ కాదనడం లేదు.

కానీ సగటు అనేది గుంపుకు సంబంధించిన సంగతి. ఫలానా ఇంట్లో ఉన్న ఫలానా తాతగారు ఎన్నాళ్లు ఉంటారో అది చెప్పదు. పైగా ఎంత దాటితే ఎక్కువ అన్నదానికి ఒకే గీత లేదు. ఒక అధ్యయనం 3 దగ్గర గీసింది, ఇంకొకటి 5 దగ్గర గీసింది. ఈ జబ్బు తీరును అంచనా వేయడానికి 2014లో హలాబీ బృందం ప్రచురించిన లెక్కలో 8 అంశాలున్నాయి: రోగి ఎంత చురుగ్గా తిరుగుతున్నాడు, జబ్బు ఎక్కడికి పాకింది, నొప్పికి మార్ఫిన్ జాతి మందు వాడుతున్నాడా, ఎల్‌డీహెచ్, అల్బుమిన్, హిమోగ్లోబిన్, పీఎస్‌ఏ, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్. నిపుణులు ఎనిమిది చూసి వేసే అంచనాను మనం ఒక్క అంకెతో ముగిస్తున్నాం.

అసలు అన్యాయం ఇక్కడ మొదలవుతుంది. ఈ అంకెలు క్యాన్సర్ వల్ల మాత్రమే మారవు. మూత్రానికి పైపు పెట్టినవారికి ఇన్‌ఫెక్షన్ వస్తే న్యూట్రోఫిల్స్ పెరుగుతాయి. టీబీ ఉన్నా, చిగుళ్లు చీము పట్టినా సీఆర్‌పీ పెరుగుతుంది. డోసిటాక్సెల్‌తోనూ అబిరటెరోన్‌తోనూ కలిపి ఇచ్చే స్టెరాయిడ్ మాత్ర ఒక్కటే చాలు, న్యూట్రోఫిల్స్‌ను పెంచి లింఫోసైట్లను తగ్గించడానికి. సరైన తిండి లేనివాడికి హిమోగ్లోబిన్ పడిపోతుంది, అల్బుమిన్ కూడా తగ్గవచ్చు.

ఇప్పుడు మనవాళ్లు ఎవరో గుర్తు చేసుకోండి. కోలారు బంగారు గనుల్లో రాతి ధూళి పీల్చి, 2001లో గనులు మూతపడ్డాక మిగిలిన ముసలివాళ్లు. ఆ ధూళి ఊపిరితిత్తుల్ని పాడుచేసి టీబీకి దారి తీస్తుంది. బెంగళూరు, చెన్నై వీధులు ఊడ్చి, కాలువలు తీసిన తెలుగు పారిశుధ్య కార్మికులు. ముంబయిలో మేడలు కట్టిన కూలీలు. వీళ్ల రక్తంలో అంకె పెరిగితే అందులో క్యాన్సర్ వాటా ఎంత, గనీ కాలువా బస్తీ పెట్టిన వాటా ఎంత? అది తేల్చకుండా "లాభం లేదు" అంటే పేదరికానికి జబ్బు పేరు పెట్టి మనిషిని పక్కన పెట్టడమే. ఇన్‌ఫెక్షన్‌కు మందుంది. టీబీకి ఉచితంగా మందుంది. ముందు వాటిని వెతకాలి.

ఇంకో సంగతి. జబ్బు ఎలా నడుస్తుందో చెప్పే అంకె వేరు, ఏ మందు పనిచేస్తుందో చెప్పే అంకె వేరు. ఎన్‌ఎల్‌ఆర్ మొదటి రకం. అది పెరిగిందని చికిత్స మానాలని ఎక్కడా రుజువు కాలేదు. వృషణాలు తీసే చిన్న ఆపరేషన్‌తో ఈ క్యాన్సర్ వెనక్కి తగ్గుతుందని హగ్గిన్స్ 1941లోనే చూపించాడు, 1966లో నోబెల్ అందుకున్నాడు. డోసిటాక్సెల్ ఆయుష్షు పెంచుతుందని 2004లో తేలింది. అబిరటెరోన్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. మన దేశంలో దాని జనరిక్ మాత్రలు దొరుకుతున్నాయి.

ఇక "ఇన్‌ఫ్లమేషన్ తగ్గించే" పొడులు, క్యాప్సూళ్లు అమ్మేవాళ్లున్నారు. కొందరు ఆరాధన అయ్యాక చర్చి గుమ్మంలోనే అమ్ముతున్నారు. బ్రిటన్‌లో జరిగిన స్టాంపీడ్ పరీక్షలో హార్మోన్ చికిత్సకు సెలికాక్సిబ్ అనే వాపు తగ్గించే అసలైన మందునే చేర్చి చూశారు. అది ఒక్కటే చేరిస్తే ఆయుష్షు పెరిగినట్టు తేలలేదు. అలాంటప్పుడు పొడి డబ్బాకు వేలు పోయడం దేనికి? పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ ఉన్నదంతా వైద్యులకు పోసి ఇంకా క్షీణించిందని మార్కు రాశాడు. ఆ దోపిడీని మన ప్రాంగణంలోకి రానివ్వకూడదు.

హిజ్కియా సంగతి మనందరికీ తెలుసు. చనిపోతావని యెషయా ప్రవక్తే వచ్చి చెప్పాడు. రాజు గోడవైపు తిరిగి ఏడ్చాడు. 15 ఏళ్ల ఆయుష్షు కలిసింది. మనం ఎక్కువగా ప్రసంగించని భాగం ఒకటుంది: పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కూడా పెట్టారు. వాగ్దానం వచ్చిందని వైద్యం ఆపలేదు, మరణవార్త వచ్చిందనీ ఆపలేదు. అతను రాజు కాబట్టి ఆ ముద్ద వెంటనే దొరికింది. వీధి ఊడ్చేవాడికి కూడా అది దొరకాలన్నదే మన పోరాటం.

కాబట్టి డాక్టర్లను అడుగుదాం: అంకె పెరిగితే ఇన్‌ఫెక్షన్, టీబీ చూశారా? స్టెరాయిడ్ లెక్కలోకి తీసుకున్నారా? జబ్బు సంగతి రోగికే, అతనికి అర్థమయ్యే భాషలో చెప్పారా? కన్నడంలోనో తమిళంలోనో ఒడియాలోనో కొడుకు చెవిలో చెప్పి పంపేస్తే సరిపోదు. తన రోజులు ఎన్నో తెలుసుకోవడం, ఆ రోజులు ఎలా గడపాలో నిర్ణయించుకోవడం అతని హక్కు. మందులు నిజంగా పనిచేయని రోజు వస్తే నొప్పి తీసే మార్ఫిన్ అందాలి. 2014లో చట్టం సవరించి దాన్ని సులువు చేశారు, అయినా చాలా ఆసుపత్రుల్లో దొరకదు.

సంఘాలు చేయాల్సిన పని కూడా ఉంది. మనకు ఆంధ్రా ఆరోగ్యశ్రీ వర్తించదు, మనం ఉంటున్న రాష్ట్రం ఇచ్చే కార్డే దిక్కు. ప్రతి సంఘంలో ఇద్దరు యువకులు ఆ కార్డుల పని నేర్చుకోవాలి, రోగితో కూడా ఆసుపత్రికి వెళ్లాలి, రిపోర్టు తెలుగులో చదివి వినిపించాలి. ప్రార్థన చేయండి, తప్పకుండా చేయండి. చేసి లేచాక ఆటో పిలవండి.