అమృత విలాస్ ఎక్కడ తాతయ్యా?

మా అన్నయ్య కొడుకు పెళ్లాం పిల్లతో రాజమండ్రి నుంచి వచ్చాడు. హైదరాబాద్‌లో చూడాల్సినవన్నీ రెండు రోజుల్లో చుట్టేశారు. చార్మినార్ అయింది, సాలార్‌జంగ్ మ్యూజియం అయింది, బిర్లామందిర్ మెట్లు ఎక్కి దిగారు. ఆదివారం పొద్దున్న ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేసి, నడుచుకుంటూ కోఠి వచ్చాం. అక్కడ, నాలుగో తరగతి చదివే వాడి కూతురు నా చొక్కా పట్టుకు లాగింది. "తాతయ్యా, అమృత విలాస్ ఇక్కడికి దగ్గరా?"

ముప్పయ్యేళ్లుగా ఈ వీధుల్లో తిరుగుతున్నవాణ్ని. బడీచౌడీ వైపా, బ్యాంక్ స్ట్రీట్ వైపా అని నిజంగానే ఆలోచనలో పడ్డాను. వాళ్ల నాన్న పక్కకు తిరిగి నవ్వుకుంటుంటే అప్పుడు వెలిగింది. పిల్ల అడుగుతున్నది ‘అమృతం’ సీరియల్లో హోటల్ గురించి!

2001లో జెమినీ టీవీలో మొదలైంది ఆ సీరియల్. గుణ్ణం గంగరాజు గారి సృష్టి. 2007 దాకా మూడు వందల పైచిలుకు భాగాలు. ఆదివారం రాత్రి అది వచ్చే వేళకు మా ఇంట్లో గిన్నెలు కడగడం కూడా వాయిదా పడేది. అమృతరావు వేషానికి మనుషులు మారారు గానీ, అంజి మాత్రం చివరిదాకా గుండు హనుమంతరావే. ఆయన 2018లో వెళ్లిపోయారు. ఈ పిల్ల పుట్టేసరికే సీరియల్ ఆగిపోయి ఏళ్లయింది. అయినా ఇప్పుడు అన్నం తినాలంటే ఫోన్‌లో ఒక ఎపిసోడ్ పెట్టాల్సిందేనట.

"ఆ హోటల్ టీవీలోనే ఉందమ్మా" అన్నాను. దాని ముఖం ఇంతైపోయింది. ‘మరి వాళ్లెక్కడ కూర్చుని మాట్లాడుకునేవాళ్లు?’ అన్నట్టు చూసింది. నా దగ్గర జవాబు లేదు.

ఇదే పిల్ల ఇంగ్లండ్‌లో పుట్టి ఉంటే జవాబు దొరికేది. అక్కడ యార్క్‌షైర్ కొండల మధ్య హోమ్‌ఫర్త్ అని ఓ చిన్న ఊరు. ఒకప్పుడు ఉన్ని మిల్లుల ఊరు. 1973లో బీబీసీ వాళ్లు అక్కడ ‘లాస్ట్ ఆఫ్ ద సమ్మర్ వైన్’ అనే కామెడీ తీయడం మొదలుపెట్టారు. కథ ఏమిటంటే, పెద్దగా ఏమీ లేదు. పనీపాటా లేని ముగ్గురు ముసలివాళ్లు. కొండల వెంట తిరుగుతారు, టీ కొట్లో కూర్చుంటారు, చిన్నపిల్లల్లా ఏదో ఒక చక్రాల బండి ఎక్కి లోయలోకి జారి పడతారు. వాళ్లలో కాంపో అనే చిరిగిన బట్టల మనిషి, పొరుగింటి నోరా బ్యాటీ వెంటపడుతూ ఉంటాడు. ఆవిడేమో ముడతలు పడ్డ మేజోళ్లతో మెట్ల మీద నిలబడి చీపురు ఎత్తుతుంది. ఇదే తంతు 2010 దాకా నడిచింది. 37 ఏళ్లు, 295 భాగాలు, అన్నిటికీ రచయిత ఒక్కడే, రాయ్ క్లార్క్. మన డైలీ సీరియల్ రచయితలు కూడా దండం పెట్టాల్సిన ఓపిక.

అసలు కథ ఊరిది. ఆ ముగ్గురూ టీ తాగే ‘సిడ్స్ కెఫే’ మొదట్లో టీకొట్టే కాదు. షూటింగ్ కోసం టీకొట్టు వేషం వేసుకుంది. జనం వచ్చి తలుపు తట్టి టీ అడగడం మొదలుపెట్టేసరికి, చివరికి నిజం టీకొట్టే అయి కూర్చుంది! వేషం వేసిన నటుడు పాత్రలా మారిపోవడం విన్నాం గానీ, గదికి కూడా ఆ జబ్బు పట్టడం ఇక్కడే చూస్తాం. నోరా ఇంటి పక్కన వెలిసిన టీ హోటల్‌కు ఏకంగా ‘ముడతల మేజోడు’ అని అర్థం వచ్చే పేరు పెట్టారు. నోరా ఇంటిని సెలవులకు వచ్చేవాళ్లకు అద్దెకిచ్చారు. బస్సుల్లో జనం దిగడం, ఆ మెట్ల మీద నిలబడి ఫోటో దిగడం, టీ తాగడం, కేకు తినడం. మిల్లుల పని తగ్గిపోతున్న ఊరికి ఇది చిన్న సంపాదన కాదు.

కానీ ఒక్కసారి ఆలోచించండి. ఆ మెట్లు ఒకరి ఇంటివి. పొద్దున్నే పాలసీసా తీసుకుందామని తలుపు తీస్తే, ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు మీ గుమ్మం ముందు చీపురు పట్టుకుని పోజిస్తుంటే ఎలా ఉంటుంది? నవ్వు మనదే, గుమ్మం మాత్రం ఇంకొకరిది. పైగా ఈ యాత్రికులు సీరియల్‌తో పాటే ముసలివాళ్లవుతారు. కొత్త భాగాలు ఆగిపోయాక ఊరు ఆ టీ మీదే ఎన్నాళ్లు బతుకుతుంది?

అయినా ఆ ఊరితో బంధం కెమెరా దగ్గరే ఆగలేదు. కాంపో వేషం వేసిన బిల్ ఓవెన్ లండన్ మనిషి. 1999లో చనిపోతే, ఆయన కోరిక ప్రకారం హోమ్‌ఫర్త్ పక్కనే సమాధి చేశారు. 2017లో, తోటి నటుడు పీటర్ శాలిస్‌ని కూడా తెచ్చి ఆయన పక్కనే పడుకోబెట్టారు. ఇద్దరు ముసలివాళ్లూ ఇంకా ఆ కొండ మీదే కబుర్లు చెప్పుకుంటున్నట్టు లేదూ!

అంతదూరం ఎందుకు, మన పక్క రాష్ట్రంలోనే ఉంది. ‘మాల్గుడి డేస్’ గుర్తుందిగా? అచ్చంగా కామెడీ అనలేం, నవ్వూ దిగులూ కలిపి వండిన వంట. దూరదర్శన్ రోజుల్లో ఆ ఆలాపన వినబడితే వీధిలో ఆడుకునే మేం ఇళ్లలోకి పరిగెత్తేవాళ్లం. ఆర్.కె.నారాయణ్ ఊహలోని ఆ ఊరిని శంకర్ నాగ్ శివమొగ్గ జిల్లా ఆగుంబెలో చూపించారు. మాల్గుడి స్టేషన్‌గా చూపించింది ఆ జిల్లాలోదే, అరసాళు రైల్వే స్టేషన్. సీరియల్ అయిపోయింది, శంకర్ నాగ్ 1990లో పోయారు, మీటర్‌గేజి బ్రాడ్‌గేజి అయింది. ఆ పాత స్టేషన్ భవనం పాడుబడిపోయింది. అలాంటిదాన్ని రైల్వేవాళ్లు బాగుచేసి, 2020లో ‘మాల్గుడి మ్యూజియం’గా తెరిచారు. ఆ పనిలో చెయ్యి వేసినవాడు ఒకప్పుడు ఆ సీరియల్‌కే కళాదర్శకుడిగా పనిచేసిన జాన్ దేవరాజ్. టీవీలో కనబడకపోయి ఉంటే ఆ నాలుగు గోడల కోసం ఎవరు అర్జీ పెట్టేవాళ్లు?

మా కోఠికి మాత్రం ఈ భాగ్యం నవ్వు వల్ల దక్కలేదు, ప్రేమ వల్ల దక్కింది. కోఠి అన్న పేరే రెసిడెన్సీ భవనం నుంచి వచ్చింది. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో కర్క్‌పాట్రిక్ కట్టించిన ఆ మేడలోకి 1949లో ఆడపిల్లల కాలేజీ వచ్చింది. మేమంతా బస్సు కోసం దాని గోడవారనే నిలబడేవాళ్లం, లోపలేముందో ఎవరికి పట్టింది? 2002లో విలియం డాల్‌రింపుల్ ‘వైట్ మొఘల్స్’ రాసి, కర్క్‌పాట్రిక్, ఖైరున్నీసాల కథ లోకానికి చెప్పాక, పుస్తకం చేతబట్టుకుని విదేశీయులు గేటు దగ్గర దిగడం మొదలైంది. ఆ భవనాన్ని బాగుచేసే పనిలో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ కూడా చెయ్యి కలిపింది.

నవ్వుల లెక్కకొస్తే, ‘ది అంగ్రేజ్’ ఉంది. టీవీది కాదు, సినిమా. చార్మినార్ నీడన కూర్చుని గప్పాలు కొట్టే ఇస్మాయిల్ భాయ్ బ్యాచ్, ఆ యార్క్‌షైర్ ముసలివాళ్లకు మేనల్లుళ్లే. కాకపోతే చార్మినార్‌కు వాళ్ల సిఫార్సు అక్కర్లేదు. అక్కర ఉన్నది సుల్తాన్‌బజార్ సందుల్లాంటి వాటికి. మెట్రో వస్తున్నప్పుడు అక్కడి వ్యాపారులు ఏళ్ల తరబడి ఆందోళన చేశారు. చివరికి స్తంభాలు లేచాయి. ఆ దుకాణాల అరుగుల మీద ఓ అమృతరావు, ఓ అంజి ఆరేళ్లు కూర్చుని ఉంటే, ఊరంతా వచ్చి అడ్డం నిలబడేదేమో. లేదా ఇప్పుడే నిలబడడానికి చోటులేని కోఠిలో బస్సులకొద్దీ జనం దిగి, మా దారి కూడా మూసేవాళ్లేమో. నాకు రెండూ అనిపిస్తాయి. అనిపించినప్పుడల్లా అంజి మీదకే మొగ్గుతాను.

ఆకలేస్తోందంటే అక్కడే ఓ చిన్న టిఫిన్ హోటల్లో కూర్చున్నాం. పదకొండు దాటింది. భుజాన తుండుగుడ్డతో సర్వర్ వచ్చాడు. మా మనవరాలు అతన్ని పైనుంచి కిందిదాకా చూసి, "అంకుల్, మీరు సర్వమా?" అంది. సీరియల్లో అమృత విలాస్ సర్వర్ పేరు సర్వం లెండి.

అతను ఇటు సగం చెవే పెట్టాడు. "సర్వం ఖతమైంది పాపా, ఇడ్లీలే ఉన్నయ్" అన్నాడు.

వాళ్ల నాన్న నవ్వాపుకోలేక బల్ల మీద నీళ్లు ఒలికించాడు. పిల్ల మాత్రం నవ్వలేదు. కుర్చీ దిగి, అతని పక్కన నిలబడి, "ఫోటో తియ్యి నాన్నా" అంది.