సెగ తగిలితేనే పాట

బాబ్ మార్లీ పాత పాటలు వినగానే చాలామందికి సముద్రమే గుర్తొస్తుంది. తెల్లటి ఇసుక, కొబ్బరాకుల నీడ, ఏ పనీ లేని మధ్యాహ్నం... దీవులకి టూరు కట్టేవాళ్ల వెంట ఆ పాటలూ వెళ్తుంటాయి. కానీ వాటి అసలు రుచి తెలియాలంటే ముందు గరికపాడు వైపు రావాలి!

కోదాడ నుంచి విజయవాడ వెళ్లే హైవే మీద, పాలేరు దగ్గర ఉంటుంది గరికపాడు. ఈ జగ్గయ్యపేట, నందిగామ మెట్ట పల్లెల్లో అమ్మవారి కొలుపులకి డప్పు కొట్టేవాళ్లు ముందుగా నాలుగు గడ్డి పరకలు పోగేసి మంట వేస్తారు. ఆ సెగకి డప్పు కాస్తారు. తోలు బిగిస్తేనే మోత. చల్లారిందా, మళ్లీ కాయాల్సిందే.

హిందూ మహాసముద్రంలోని మారిషస్‌లోనూ ఇదే పద్ధతి. అక్కడ మేకతోలుతో చేసే గుండ్రటి వాయిద్యం పేరు రవాన్. దాన్నీ మంట దగ్గర కాచాకే వాయిస్తారు. ఆ దరువుకి పాడి, ఆడే పాట పేరేమిటో తెలుసా? సెగా! మన సెగకీ ఆ మాటకీ చుట్టరికం లేదు. పని మాత్రం ఒక్కటే.

సెగాని పుట్టించింది మొజాంబిక్, మడగాస్కర్‌ల నుంచి పట్టుకొచ్చిన బానిసలు. పగలంతా చెరకు తోటల్లో చాకిరీ, రాత్రయితే పాట. 1835లో అక్కడ బానిసత్వం రద్దయింది. వాళ్ల స్థానంలో ఒప్పందాల మీద మన దేశం నుంచి కూలీలను ఓడలెక్కించారు. తెలుగువాళ్లు చాలామంది కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి వెళ్లారు. అందుకే అక్కడ వాళ్లకి 'కోరంగీలు' అన్న పేరు పడింది. రామభజన, సింహాద్రి అప్పన్న పూజ వాళ్లతోపాటే దీవికి చేరాయి. ఉగాదికి అక్కడ ప్రభుత్వ సెలవు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగిందీ ఆ గడ్డ మీదే.

ఇక రెగే పుట్టిల్లు జమైకా. అదీ దీవే, అక్కడివీ చెరకు తోటలే, బానిసల వారసులే. 1960ల చివర్లో పుట్టిన ఆ సంగీతాన్ని మార్లీ ప్రపంచమంతా వినిపించి, 1981లో 36 ఏళ్లకే కన్నుమూశాడు. ఆయన పాటలు మారిషస్ రాజధాని పోర్ట్ లూయీ శివారు రోష్‌బ్వా అనే పేదల పేటకీ చేరాయి. అక్కడి కుర్రాడు ఒకడు మార్లీ ఆల్బమ్ పేరునే తన పేరుగా పెట్టుకున్నాడు... కాయా! సెగానీ రెగేనీ కలిపి 'సెగ్గే' పాడాడు. దీవంతా ఊగిపోయింది.

1999 ఫిబ్రవరిలో గంజాయి కేసులో కాయాని అరెస్టు చేశారు. 21న లాకప్‌లోనే చనిపోయాడు. అప్పటికి అతనికి 38 ఏళ్లు. ఆ కబురుతో మొదలైన అల్లర్లు దీవిని కొన్ని రోజులపాటు కుదిపేశాయి. ఏ పేట పాటని జనం నెత్తిన పెట్టుకున్నారో, ఆ పేట బతుకు అప్పటికీ మారలేదన్నది అప్పుడు అందరికీ తెలిసొచ్చింది.

యునెస్కో 2014లో సెగానీ, 2018లో రెగేనీ వారసత్వ జాబితాలో చేర్చింది. మారిషస్ వెళ్లేవాళ్లు హోటల్లో సెగా డాన్సు చూసి వచ్చేస్తే సగమే చూసినట్టు. పోర్ట్ లూయీ రేవులో ఆప్రవాసీ ఘాట్ మెట్లున్నాయి. మన కూలీలు ఆ దీవిలో తొలిసారి ఎక్కిన మెట్లవి. కాసేపు అక్కడ నిలబడి, తర్వాత సెగా విని చూడండి. గడ్డిమంట మీద డప్పు కాగుతున్న వాసన వస్తుంది.