ఫ్యాక్టరీ గేటు మీద ఎవరి భాష?

పోయిన చలికాలంలో ఎనిమిదో తరగతి పిల్లల్ని తీసుకుని రాందేర్ - సింగణ్‌పోర్ కాజ్‌వే చూడటానికి వెళ్లాను. వంతెనలా కనిపిస్తుంది కానీ అది 1995లో తాపీ నదికి అడ్డంగా కట్టిన ఆనకట్ట కూడా. దానికి పైవైపు మంచినీళ్లు, సూరత్ నగరం తాగే నీళ్లు. కిందివైపు సముద్రపు పోటుతో వచ్చే ఉప్పునీళ్లు. ఒక్క గోడకు అటూ ఇటూ రెండు రకాల నీళ్లున్నాయంటే పిల్లలు నమ్మలేదు. రెండు వైపులా నీళ్లు ఒకే రంగులో ఉన్నాయి మరి.

అప్పుడే ఒక అమ్మాయి అడిగింది: "మేడం, ఏప్రిల్లో నాన్నకి ట్రాన్స్‌ఫర్. ఈ నది సంగతి మనకెందుకు?"

జవాబు చెప్పేలోగా బస్సు డ్రైవరు హారన్ కొట్టాడు. నిజం చెప్పాలంటే బతికిపోయాను. పన్నెండేళ్ల ఉద్యోగంలో ఇది నాకు అయిదో ఊరు. వెనక వదిలేసి వచ్చిన ఊళ్లలో నీళ్లు ఎక్కడినుంచి వచ్చేవో నాకూ సరిగ్గా తెలియదు. కుళాయి తిప్పితే వచ్చేవి, అంతే.

ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

తాపీ మధ్యప్రదేశ్‌లోని ముల్తాయి దగ్గర పుట్టి, మహారాష్ట్ర మీదుగా, 724 కిలోమీటర్లు ప్రయాణించి సూరత్ దాటాక సముద్రంలో కలుస్తుంది. నదుల్ని, కాలువల్ని ఫ్యాక్టరీల మురికి నుంచి కాపాడటానికి 1974లో పార్లమెంటు నీటి చట్టం చేసింది. ఆ సంవత్సరమే గుజరాత్ కాలుష్య నియంత్రణ బోర్డు ఏర్పడింది. ఫ్యాక్టరీ కట్టాలన్నా, నడపాలన్నా బోర్డు అనుమతి కావాలి. రోజుకు ఎంత నీళ్లు బయటికి వదలొచ్చో, అందులో ఏది ఎంత మించకూడదో ఆ అనుమతిలోనే రాసి ఉంటుంది. ఉదాహరణకు సి.ఓ.డి. అనే కొలత ఉంది. నీటిలోని మురికిని రసాయనికంగా విరగగొట్టడానికి ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే అంకె అది. నదిలోకి వదిలే నీటిలో లీటరుకు 250 మిల్లీగ్రాములు దాటకూడదన్నది సాధారణ నియమం.

ఇక ప్రమాదకరమైన వ్యర్థం ఫ్యాక్టరీ నుంచి లారీలోనో ట్యాంకర్‌లోనో బయలుదేరితే దానితోపాటు ఒక పత్రం వెళ్లాలి. 2016 నియమాల ప్రకారం దానికి ఏడు ప్రతులు, ఒక్కోటి ఒక్కో రంగు. పంపినవాడికొకటి, తీసుకెళ్లేవాడికొకటి, అందుకున్నవాడికొకటి, బోర్డుకొకటి, ఇలా. రాసినవాళ్ల జాగ్రత్తకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

అయినా 2022 జనవరి 6 తెల్లవారుజామున సచిన్ పారిశ్రామికవాడలో ఏం జరిగిందో చూడండి. ఒక ట్యాంకర్ అక్కడి కాలువలోకి రసాయన వ్యర్థాన్ని దొంగచాటుగా వదిలింది. విషవాయువు లేచింది. పక్కనున్న మిల్లు కార్మికుల్లో ఆరుగురు చనిపోయారు, ఇరవై మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. ఆ వ్యర్థం పొరుగు రాష్ట్రం నుంచి వచ్చిందని పోలీసులు తేల్చారు. రంగురంగుల ప్రతులు ఉన్నా ట్యాంకర్ ఆగలేదు. ఆ చనిపోయినవాళ్లు పొట్ట చేతబట్టుకుని ఈ ఊరొచ్చిన కూలీలు.

ఇప్పుడు నా అసలు మాటకు వస్తాను. ప్రమాదకర రసాయనాలతో పనిచేసే ఫ్యాక్టరీలు లోపల ఏముందో, ఎంత మురుగునీరు, ఎంత పొగ, ఎంత ఘనవ్యర్థం బయటికొస్తోందో గేటు బయట బోర్డు మీద రాసి పెట్టాలని 2003 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ బోర్డులు ఉన్నాయి. సచిన్ వైపు వెళ్లినప్పుడల్లా నేను ఆగి చదువుతుంటాను (మా ఆయనకు ఇదొక విసుగు). నేను చూసినవన్నీ ఇంగ్లీషులో, గుజరాతీలో ఉన్నాయి. కొన్నింటిలో అంకెలు వెలిసిపోయాయి. కొన్ని గళ్లు ఖాళీ.

ఆ గేటు లోపలికి రోజూ వెళ్లేదెవరు? ఒడిశాలోని గంజాం నుంచి వచ్చినవాళ్లు, ఉత్తరప్రదేశ్, బీహార్ వాళ్లు, మరాఠీ వాళ్లు. మన పద్మశాలీలు కూడా. నల్గొండ, వరంగల్, కరీంనగర్ ప్రాంతాల నుంచి మగ్గాల పనికి వచ్చి తరాలుగా లింబాయత్ చుట్టుపక్కల స్థిరపడినవాళ్లున్నారు. వాళ్ల పిల్లల కోసం సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు నడుపుతోంది. ఒడియా, మరాఠీ, ఉర్దూ, హిందీ బడులూ ఉన్నాయి. అంటే ఈ ఊళ్లో ఏయే భాషల వాళ్లున్నారో ప్రభుత్వానికి బాగా తెలుసు. అ, ఆలు వాళ్ల భాషలో నేర్పినప్పుడు, "ఇక్కడ విషం ఉంది" అన్నమాట వాళ్ల భాషలో ఎందుకు చెప్పకూడదు?

బోర్డు రాస్తే ట్యాంకర్ ఆగుతుందా అని స్టాఫ్‌రూమ్‌లో మా సైన్స్ మాష్టారు అడిగారు. ఆగదు. కానీ హైడ్రోజన్ సల్ఫైడ్ లాంటి వాయువు గాలికన్నా బరువైనది, నేలమట్టాన పేరుకుంటుంది. కుళ్లిన గుడ్ల వాసన మొదట వస్తుంది, మోతాదు పెరిగితే ముక్కు ఆ వాసనే పట్టలేదు. నేల మీద పడుకునే మనిషికి ఈ రెండు ముక్కలు తెలిసి ఉండటానికీ లేకపోవడానికీ చాలా తేడా ఉంది. అర్ధరాత్రి కాలువ పక్కన ట్యాంకర్ ఆగితే ఏ నంబరుకు ఫోన్ చెయ్యాలో తెలియడం కూడా అంతే. బోర్డు అధికారి ఎప్పుడో ఒకరోజు వచ్చి సీసాలో నమూనా పట్టుకెళ్తాడు. కార్మికుడు రోజూ అక్కడే ఉంటాడు.

సూరత్‌కు చేతకాదని మాత్రం అనలేం. 2014లో రోజుకు 4 కోట్ల లీటర్ల సామర్థ్యంతో మొదలుపెట్టి, నగరం తన మురుగునీటిని బాగా శుద్ధిచేసి పాండేసరా మిల్లులకు అమ్ముతోంది. ఆ మేరకు మంచినీళ్లు మిగులుతున్నాయి. 2019 జూన్‌లో ఇక్కడి మిల్లుల పొగగొట్టాల్లోని ధూళి కణాలకు మీటర్లతో కొలిచి హద్దు పెట్టి, ఎక్కువ వదిలేవాడు తక్కువ వదిలేవాడి దగ్గర పర్మిట్లు కొనుక్కునే పద్ధతి మొదలైంది. ధూళి కణాల విషయంలో ఇలాంటి అంగడి ప్రపంచంలో ఇదే మొదటిదని చెబుతారు. ధూళి 20 నుంచి 30 శాతం తగ్గిందని పరిశోధకులు లెక్కగట్టారు. ఇంత చేయగలిగిన ఊరికి నాలుగు భాషల్లో రంగుతో రాయించడం ఎంత పని?

అయితే పిల్లలూ, ఆ అమ్మాయి ప్రశ్నకు నా జవాబు ఇది. నువ్వొక్కదానివే కాదు, ఆ మిల్లు కార్మికుడూ దీపావళికి ఊరెళ్లిపోతాడు, మేనేజరు మారతాడు, అధికారికి బదిలీ అవుతుంది. ట్యాంకర్ వాడి ధైర్యమంతా అదే. అందరూ పోయేవాళ్లే అయినచోట ఎవరూ పట్టించుకోరని వాడికి తెలుసు.

సెలవులకు ముందు మా తరగతిలో ఒక నమూనా బోర్డు తయారుచేశాం. తెలుగు, ఒడియా, హిందీ, మరాఠీ, గుజరాతీ. ఒడియా వరస రాసింది ఆ అమ్మాయే, వాళ్లది బరంపురం. సి.ఓ.డి.కి తెలుగు మాట దొరక్క అరగంట కొట్టుకున్నాం. చివరికి అలాగే ఉంచి, కింద "ఈ నీటిలో మురికి ఎంతో చెప్పే అంకె, 250 దాటకూడదు" అని రాశాం. పక్కన "ఈరోజు ఎంత?" అని ఒక గడి పెట్టాం. ఉత్తరం జతచేసి దాన్ని కాలుష్య నియంత్రణ బోర్డు సూరత్ ప్రాంతీయ కార్యాలయానికి పంపుతున్నాం. ఉత్తరం కింద ముప్పై ఎనిమిది సంతకాలున్నాయి. అందులో పదకొండు మంది వచ్చే ఏడాది ఈ ఊళ్లో ఉండరు.