సెలవుల రాత్రులు

ఆత్మకూరు నుండి దోర్నాలకు వెళ్ళే దారి నల్లమల అడవి గుండా సాగుతుంది. రాత్రివేళ బైర్లూటి వద్ద గేటు దించి వాహనాలను ఆపివేస్తారు. అది పులుల అడవి, రాత్రి వాటిది. గేటుకు ఇవతల ఉన్న మా ఊళ్ళో మాత్రం, వేసవి సెలవులు వచ్చాయంటే రాత్రికి ఏ అడ్డూ ఉండదు. ఒంటిగంట దాటినా మిద్దెల మీద సెల్‌ఫోన్ల వెలుగు కనిపిస్తూనే ఉంటుంది.

ఇతరుల సంగతి ఎందుకు, గత వేసవిలో మా ఇంట జరిగినదే చెబుతాము. పరీక్షలతో అలసిపోయారు, నాలుగు రోజులు పిల్లలను వారి ఇష్టానికి వదిలిపెడదామని మేమే అన్నాము. ఆ నాలుగు రోజులు నలభై అయ్యాయి. ఇషా తరువాత భోజనం, ఆపై క్యారమ్ బోర్డు, ఆపై ఫోను. ఫజ్ర్ అజాన్ వినిపించే వేళకు వారికి నిద్ర ముంచుకొచ్చేది. తొమ్మిదికి లేచినవారికి ఒకసారి ఉగ్గాని, పదకొండుకు లేచినవారికి మళ్ళీ పొయ్యి. సెలవులు పిల్లలకే గాని వారి అమ్మీకి కావు. ఆమె పని రెట్టింపయింది. ఆ సంగతి అప్పట్లో మాకు తోచనే లేదని సిగ్గుపడుతూనే వ్రాస్తున్నాము. తీరా బడి తెరిచిన వారం ప్రతి ఉదయం ఇంట్లో కేకలు, ఏడుపులు. పరీక్షల నాటికంటె పిల్లల ముఖాలు ఎక్కువ వాడిపోయి కనిపించాయి.

విశ్రాంతి తప్పని ఎవరూ అనరు. హజ్రత్ సల్మాన్ (ర), హజ్రత్ అబూ దర్దా (ర) గార్ల వృత్తాంతం మన ఇళ్ళలో చాలామందికి తెలిసినదే. పగలంతా ఉపవాసం, రాత్రంతా నమాజుగా గడుపుతున్న అబూ దర్దాను అతిథిగా వచ్చిన సల్మాన్ భోజనానికి కూర్చోబెట్టారు, రాత్రి పడుకోమన్నారు, చివరి జామున లేపి ఇద్దరూ కలిసి నమాజు చేశారు. ప్రభువుకు, శరీరానికి, ఇంటివారికి, ఎవరి హక్కు వారికి ఇవ్వవలసిందేనని చెప్పారు. దైవప్రవక్త (స) ఆ మాటను నిజమని సమర్థించారు. అయితే సల్మాన్ ఆ ఇంట మొట్టమొదట గమనించినది అబూ దర్దాను కాదు, తనను పట్టించుకునేవారు లేక అలంకరణ మానివేసిన ఆయన భార్యను. ఈ భాగాన్ని చెప్పేవారు దాని మీద అంతగా నిలువరు. మేమూ నిలువలేదు.

ఇక నిద్ర లెక్క. మా వైపు మే నెలలో ఇషా ముగిసేసరికి ఎనిమిదిన్నర అవుతుంది. తొమ్మిదిన్నరకు పడుకుని ఫజ్ర్‌కు లేస్తే ఏడు గంటల నిద్ర. ఆరు నుండి పన్నెండేళ్ళ పిల్లలకు రోజుకు 9 నుండి 12 గంటలు కావాలని వైద్యులు చెబుతారు. మిగిలిన రెండు గంటలను ఖైలూలా పూరిస్తుంది. ఎండ తరచుగా 40 డిగ్రీలు దాటే ఈ సీమలో మధ్యాహ్నం కునుకు తీయడం సున్నతు మాత్రమే కాదు, పొలం పని తెలిసిన పెద్దల అలవాటు కూడా. పొద్దెక్కకముందే పని ముగించి, ఎండ మండేవేళ వేపచెట్టు క్రింద మేను వాల్చేవారు. అర్ధరాత్రి ఫోనుతో మేల్కొని మధ్యాహ్నం దాకా పడుకోవడం దీనికి పూర్తిగా తలక్రిందులు. పైగా తెర వెలుగు రావలసిన నిద్రను ఇంకా వెనక్కు నెడుతుంది.

అలవాటు మారడానికి ఎన్నాళ్ళు పడుతుంది? లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని పరిశీలించి 2009లో ప్రకటించిన ఫలితం ఇది: ఒక పని తనంతట తాను జరిగేంతగా అలవడడానికి సగటున 66 రోజులు పట్టింది; కొందరికి 18, అంచనాల ప్రకారం కొందరికి 254. నడుమ ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్దగా నష్టం కలుగలేదు. ఒక్కరోజు ఫజ్ర్‌కు లేవలేకపోయిన పిల్లవాణ్ణి పట్టుకుని మొత్తం చెడిపోయిందని అరిచే తండ్రులు (మేమూ ఆ కోవలోనివారమే) ఈ చివరి మాటను గుర్తుంచుకోవాలి.

2025లో మన రాష్ట్రంలో బడులకు ఏప్రిల్ 24 నుండి జూన్ 11 వరకు సెలవులు. లెక్కిస్తే 49 రోజులు. సగటుకు 17 రోజులు తక్కువ. అంటే సెలవుల్లో నాటిన అలవాటు బడి తెరిచాక కూడా కొంతకాలం నీరు కోరుతుంది. అందుకే సెలవుల్లో మాత్రమే సాగే గొప్ప పట్టికలు మాకిప్పుడు నచ్చవు. పొద్దున ఖుర్ఆన్ పారాయణం, తరువాత ఇంగ్లీషు, చేతిపని, వ్యాయామం అంటూ గోడకు అంటించిన కాగితం మూడవ రోజుకే ఫ్యాను గాలికి ఊడిపడింది. కొద్దిదైనా విడవకుండా చేసేదే అల్లాహ్‌కు ప్రియమైనదని ప్రవక్త (స) బోధించారు. జూన్‌లోనూ మారనిది అజాన్ ఒక్కటే గనుక, దానికి కట్టిన పనే నిలుస్తుందని మాకు తోచింది.

ఈసారి మూడే ఒప్పందాలు. ఇషాకు వెళ్ళేముందు ఫోన్లన్నీ, మావి కూడా, బియ్యం డబ్బా పక్కనున్న రేకు పెట్టెలోకి. ఉదయం పొయ్యి ఒక్కసారే. ఆలస్యంగా లేచినవారు తమ ప్లేటు తామే వడ్డించుకుని, తామే కడగాలి. జుహర్ తరువాత గంటసేపు అమ్మీని ఎవరూ పిలువరాదు. నీళ్ళు కావాలన్నా, తువ్వాలు కనబడకపోయినా మమ్మల్నే అడగాలి. దైవప్రవక్త (స) ఇంటి పనుల్లో పాలుపంచుకునేవారని హజ్రత్ ఆయిషా (ర) చెప్పిన విషయాన్ని ఎన్నోసార్లు విన్నాము. ప్లేట్లు కడిగినది మాత్రం ఈ వేసవిలోనే.

మొదటి నాలుగు రాత్రులు పెట్టె చుట్టూ గొణుగుళ్ళు. అయిదవనాడు నానీ మిద్దె మీద చాప పరిచి తన చిన్ననాటి కథ మొదలుపెట్టింది. అది ముగిసేలోగా ఇద్దరు నిద్రపోయారు. ఫోను పెట్టెలో పెట్టలేక ఎక్కువగా సతమతమైనది, నిజం చెప్పాలంటే, మేమే.

ఏప్రిల్ 24 నుండి లెక్కిస్తే అరవై ఆరవ రోజు జూన్ 28. వంటింటి క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ చిన్నది పెన్సిలుతో సున్నా చుట్టింది. ఆ రోజు పెట్టెకు తాళం అవసరమా కాదా అన్నది ఆమే చూసి చెబుతుందట.