కొత్త కాలనీకి ముందు చేరాల్సింది అంగన్‌వాడీ

ఇల్లు మారడమంటే మనకు ముందు గుర్తొచ్చేవి ముహూర్తం, అడ్వాన్సు, సామాను తరలించే బండి. మూఢమా, శూన్యమాసమా అని పంచాంగం చూస్తాం. నీళ్లు, కరెంటు సంగతి కనుక్కుంటాం. ఆ ఇంట్లో మూడేళ్ల బిడ్డ ఉంటే, రేపటి నుంచి ఆ బిడ్డకు పొద్దు ఎలా గడుస్తుందన్న ఆలోచన మాత్రం సామాను సర్దుకోవడం అయ్యాకే వస్తుంది. ఆ వయసులో ధైర్యమిచ్చేవి రోజూ ఒకే వరసలో జరిగే పనులు. పొద్దున్నే పేరు పెట్టి పిలిచే ఆయా, టీచర్ పాడించే పాట, మధ్యాహ్నం పప్పన్నం, గుడ్డు, పక్కన కూర్చునే నేస్తం. ఆ వరస తెగిందంటే, పక్క తడపడం మానేసిన బిడ్డ మళ్లీ తడుపుతుంది. అమ్మ కొంగు వదలదు. అన్నం ముద్ద మింగకుండా బుగ్గన పెట్టుకుని కూర్చుంటుంది. ఇంట్లో పెద్దవాళ్లు దిష్టి తగిలిందని ఉప్పూ మిరపకాయలూ తిప్పి పోస్తారు. చాలామంది పిల్లల్లో ఇది కొద్ది వారాల్లో సర్దుకునేదే. అయితే అలా సర్దుకోవాలంటే కొత్తచోట మళ్లీ ఒక వరస కుదరాలి. అందులో కొంత తల్లిదండ్రుల చేతిలో ఉంది. తల్లీతండ్రీ ఇద్దరూ పనికి పోతే తప్ప గడవని కుటుంబాల్లో ఎక్కువ భాగం అంగన్‌వాడీ చేతిలోనే ఉంది. ప్రభుత్వమే ఇల్లిచ్చి పంపినప్పుడు దాన్ని కూడా ప్రభుత్వమే సమకూర్చాలి, అదీ కుటుంబం గడప తొక్కే రోజుకే.

సంగారెడ్డి జిల్లా కొల్లూరునే తీసుకుందాం. ఔటర్ రింగు రోడ్డు సమీపంలో ప్రభుత్వం పేదల కోసం 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్లతో కట్టిన కాలనీని అక్కడ 2023 జూన్‌లో ప్రారంభించారు. ఇళ్లన్నీ నిండి, ఇంటికి నలుగురు ఉంటారనుకుంటే 62 వేల పైచిలుకు జనం. అంటే అది కాలనీ కాదు, ఒక పట్టణం. అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం నిబంధన ప్రకారం 800 జనాభాకు ఒక కేంద్రం చొప్పున చూస్తే, ఒక్క కొల్లూరుకే 78 అంగన్‌వాడీలు కావాలి. ఇంత పెద్ద కాలనీకి నమూనా గీసేటప్పుడు లిఫ్టులు, నీళ్ల ట్యాంకులు, మురుగునీటి శుద్ధి కేంద్రం ఎన్ని కావాలో ఇంజినీర్లు ఎంత కచ్చితంగా లెక్కేస్తారో, అంగన్‌వాడీ గదులను కూడా అదే కాగితం మీద అంత కచ్చితంగా లెక్కేయాలి. ఇల్లు ఒక శాఖది, అందులోని బిడ్డ మరో శాఖది అయినప్పుడు ఈ లెక్క జారిపోవడం ఎంతో తేలిక. ఆరేళ్లలోపు పిల్లలు కనీసం 40 మంది ఉండి, అంగన్‌వాడీ లేని పల్లె గానీ బస్తీ గానీ అడిగితే మూడు నెలల్లోగా కేంద్రం పెట్టాలని ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు 2006 డిసెంబరులోనే ఆదేశించింది. చాలా మంచి ఆదేశం. అయితే తలో బస్తీ నుంచి వచ్చి, ఎదురింటివాళ్ల పేరైనా తెలియని స్థితిలో ఉన్న తల్లులు నలభై మంది పిల్లల పేర్లు రాసి అర్జీ ఎలా పెడతారు? పెట్టినా, మూడేళ్ల బిడ్డకు మూడు నెలలంటే చిన్న కాలం కాదు.

బడి ఈడు పిల్లలకు కాస్త రక్షణ ఉంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఐదో సెక్షన్ ప్రకారం పాత బడి హెడ్మాస్టర్ వెంటనే టీసీ ఇవ్వాలి. టీసీ ఆలస్యమైందన్న సాకుతో కొత్త ప్రభుత్వ బడిలో చేర్చుకోకుండా ఉండకూడదు. రేషను బియ్యం సంగతి ఇంకా మెరుగు. ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు ప్రయోగం 2019 ఆగస్టులో మొదలైనప్పుడు, తొలి జంటల్లో ఒకటి మన రెండు తెలుగు రాష్ట్రాలే. నేడు కార్డు ఎక్కడిదైనా వేలిముద్ర వేసి బియ్యం తెచ్చుకోవచ్చు. ఆరు నెలల నుంచి ఆరేళ్ల లోపు పిల్లలకు ఉచితంగా పోషకాహారం అందాలని 2013 ఆహార భద్రత చట్టం చెబుతోంది. కానీ ఆ హక్కు ఆచరణలో పేరు రాసుకున్న కేంద్రం దగ్గరే ఉండిపోతోంది. బియ్యం బస్తా కుటుంబం వెంట వస్తోంది, పసిబిడ్డ గుడ్డు రావడం లేదు.

2021లో వచ్చిన పోషణ్ ట్రాకర్ యాప్‌లో పేరును ఒక కేంద్రం నుంచి మరో కేంద్రానికి మార్చే వీలుంది కదా అని అధికారులు అనొచ్చు. నిజమే, కానీ ఆ వీలుందని తల్లికి తెలియాలి, కొత్తచోట కేంద్రం ఎక్కడుందో వెతుక్కోవాలి, వెళ్లి అడగాలి. దినకూలీకి ఆ వెతుకులాట ఒకపూట కూలి. టీచర్ల మీద ఇప్పటికే మోయలేని భారం ఉందన్న అభ్యంతరం ఇంకా బలమైనది, దాన్ని తోసిపుచ్చలేం. సర్వేలు, యాప్‌లు, ఎన్నికల పనులు అన్నీ వాళ్లకే అప్పజెప్పి, కొత్తగా వచ్చిన ఇళ్లు కూడా తిరగమనడం అన్యాయం. అందుకే వెతికే పని టీచర్ మీద వేయకూడదు. కొత్త ఊళ్లో బియ్యం తీసుకునే కుటుంబం ఎవరో రేషను మిషన్‌కు ముందే తెలుస్తుంది. తల్లి సరేనంటేనే ఆ కబురు దగ్గరి అంగన్‌వాడీకి చేరే ఏర్పాటు చేయవచ్చు. ఒప్పుకోని కుటుంబం జోలికి పోనక్కర్లేదు. తమ కదలికలు ఎవరో గమనిస్తున్నారన్న భయం పేదలకూ ఉంటుంది, దాన్ని గౌరవించాలి. ఇక పిల్లలు వాళ్లంతట వాళ్లే అలవాటు పడతారులే అనేవారి మాట సగమే నిజం. అలవాటు పడతారు, ఎవరో ఒకరు పట్టించుకున్న చోట. ఇల్లు మారిన హడావుడిలో తొమ్మిది నెలలు నిండాక వేయాల్సిన ఎంఆర్ టీకా తప్పిపోతే, అది దానంతటది సర్దుకునే విషయం కాదు.

ఇల్లు ఒక్కసారి మారేవాళ్ల సంగతే ఇలా ఉంటే, ఏటా మారేవాళ్ల గతి ఏమిటి? కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి వేల కుటుంబాలు గుంటూరు వైపు, తెలంగాణ వైపు మిర్చి కోతలకు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతాయి. బడి ఈడు పిల్లల కోసం ఊళ్లో సీజనల్ హాస్టళ్లు తెరుస్తారు. చంటిబిడ్డలు మాత్రం తల్లితోపాటే బండెక్కి, పొలం పక్కన వేసుకున్న గుడారంలో నెలల తరబడి ఉంటారు. ఏ ఇంటివాళ్లు ఎప్పుడు బయల్దేరతారో కోసిగి, మంత్రాలయం వైపు అంగన్‌వాడీ టీచర్లను అడిగితే చెబుతారు. ఏ రైతు పొలానికి ఎంతమంది వస్తారో ముఠా మేస్త్రీని అడిగితే తెలుస్తుంది. ఆ పిల్లల జాబితా వాళ్ల కంటే ముందే గుంటూరు, పల్నాడు జిల్లాల ఐసీడీఎస్ సూపర్‌వైజర్లకు పంపాలి. బాలామృతం, గుడ్లు, టీకాలు వేసే ఏఎన్ఎం వారానికోసారి ఆ గుడారాల దగ్గరికి చేరేలా చూడాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. ఈ జిల్లాల అధికారులు ఒకసారి కూర్చుని మాట్లాడుకుంటే ఈ సీజను నుంచే మొదలుపెట్టవచ్చు.