గడ్డి ఉన్నది, గడ్డికి నేలేదీ?

కూలి చేసుకునే ఇంట్లో ఒక బర్రె, రెండు మేకలు ఉంటే పని దొరకని నెలల్లో ఆ ఇల్లు గడిచేది వాటితోనే. ఆ జీవాలకు మేతెక్కడిదన్నదే నేటి ప్రశ్న.

1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఏర్పడింది. మెట్ట పంటల మీద పరిశోధన మన గడపలోనే జరుగుతున్నది. శాస్త్రాన్ని మేము కాదనం. అయితే ఆ శాస్త్రం మొదట్లో పశువును మరిచిన మాట కూడా దాచం. 1964లో విడుదలైన తొలి హైబ్రిడ్ జొన్న సిఎస్‌హెచ్-1 పొట్టి రకం. గింజ పెరిగింది, చొప్ప తగ్గింది. గింజ మనిషికి, చొప్ప పశువుకు అని రైతుకు తెలుసు. దిగుబడి లెక్కలు గట్టినవారికి ఆలస్యంగా తెలిసింది. తర్వాతి కాలంలో చొప్ప పశువుకు ఎంత జీర్ణమవుతుందో కూడా కొలిచి రకాలను ఎంచసాగారు. ఇది మంచి మార్పు.

సజ్జను ఏనుగు గడ్డితో సంకరం చేసి హైబ్రిడ్ నేపియర్ తీశారు. ఎపిబిఎన్-1, కోయంబత్తూరు కో-4 ఆ కోవలోవే. దీనికి విత్తనం పట్టదు, కణుపుల ముక్కలు నాటాలి. అంటే ఏటేటా కంపెనీ గడప తొక్కే పని లేదు, పక్క చేను నుంచి తెచ్చుకోవచ్చు. కానీ దానికి తడి కావాలి. బోరు ఎవరికున్నది? కూలీకి లేదు. వాన మీదనే బతికే అంజన్ గడ్డి, నేలకు నత్రజని చేర్చే స్టైలో మనకు పనికొస్తాయి. వాటికి బంచరాయి కావాలి.

ఆ బంచరాయి ఏమైంది? పటాన్‌చెరు, బొల్లారం చుట్టూ ఫ్యాక్టరీలు, వెంచర్లు లేచాయి. నక్కవాగు విషమైంది, 1990లో ఆ గోడు సుప్రీంకోర్టుకెక్కింది. వాగు గట్టు మేతకు కూడా భరోసా లేకపోయింది.

2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో, గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. భూమిలేని కూలీలకు, దళితులకు, గిరిజనులకు ప్రభుత్వమిచ్చిన లీజులను మినహాయింపుగా చూడవచ్చని కూడా చెప్పింది. ఆ తీర్పు చూపి పేదవాడి గుడిసె పీకి, పెద్దవాడి ప్రహరీ జోలికి పోకపోతే ఊరుకోం.

మా డిమాండ్లు మూడే: ప్రతి ఊరి బంచరాయిని కొలిచి హద్దురాళ్లు పాతాలి. దానిమీద గడ్డి పెంచి కోసుకునే హక్కు కూలీల, మేకలకాపరుల సంఘాలకివ్వాలి. స్టైలో, అంజన్ విత్తనం ప్రభుత్వమే ఉచితంగా ఇవ్వాలి.

గడ్డిని మెరుగుపరచడం శాస్త్రవేత్త పని. నేలను రాబట్టుకోవడం మన పని. అది సంఘం కట్టకుండా కాదు.